లేదు అనడం రాని అమ్మాయి

2024 వేసవి. సూర్యాపేట కొత్త బస్టాండు దగ్గర కింద సెల్‌ఫోన్ల దుకాణం, పైన మా శిక్షణ కేంద్రం. నర్సింగ్ చదివిన ఇక్కడి పిల్లలను జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే పనికి తయారుచేసి పంపడం మా పని. ఆ పనిని జపనీసులో కైగో అంటారు. స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడం, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అన్నీ అందులోకే వస్తాయి. వాళ్ళకు భాష నేర్పడం నా వంతు. వారంలో కొన్ని రోజులు సూర్యాపేట, కొన్ని రోజులు కోదాడ. మా పుట్టిల్లు మిర్యాలగూడ. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక జపాన్ కంపెనీ ఆఫీసులో అనువాదాలు చేసేదాన్ని. సూర్యాపేట కోడలినయ్యాక ఆ భాషకు ఇక తుప్పే గతి అనుకున్నాను. ఇక్కడ జపాన్ భాష ఎవడికి కావాలి అని నవ్విన మా ఆడపడుచు నిరుడు తన కూతురినే తెచ్చి నా క్లాసులో కూర్చోబెట్టింది.

సెన్సే అంటేనే టీచరు. మా పిల్లలు దానికి మేడమ్ కూడా తగిలించి సెన్సే మేడమ్ అంటారు, నడి సెంటర్ మధ్యలో అన్నట్టు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. కొన్నాళ్ళకు నాకూ అదే బాగుందనిపించింది.

జపనీసు ఏ పుస్తకంతో మొదలుపెట్టినా, తొలి పాఠాల్లోనే ‘ఉండటం’ గురించి ఒక పాఠం వస్తుంది. ఫలానా చోట ఫలానాది ఉంది అని చెప్పడం ఎలాగో అందులో నేర్పుతారు. మనకు ఉండు అనే క్రియ ఒక్కటే. వాళ్ళకు రెండు. ప్రాణం ఉండి తనంత తాను కదిలేదానికి ఇమాస్ అంటారు, తక్కినవాటికి అరిమాస్. లేదు అనాలంటే ఇమాసెన్, అరిమాసెన్. బల్ల మీద పెన్ను అరిమాస్, బల్ల కింద పిల్లి ఇమాస్. పిల్లలు దీన్ని ఒక పూటలో నేర్చుకుని, ఆవులిస్తూ తర్వాతి పాఠం అడుగుతారు.

నాకు మాత్రం ఇది చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. ఒక దేశం దేశమంతా ఏదైనా ఉంది అని నోరు తెరిచే ముందు, దానికి ప్రాణం ఉందా అని లోపల ఒక్క క్షణం చూసుకుంటుంది. మాటలు వచ్చీరాని పిల్లలు కూడా చూసుకుంటారు. మన తెలుగు లెక్క వేరు. అన్న ఉన్నాడు అంటాం. అక్క ఉంది, ఆవు ఉంది, అల్మారా ఉంది అంటాం. మగాడు ఒక గట్టున నిలబడితే ఆడది, ఆవు, అల్మారా కలిసి ఇంకో గట్టున నిలబడతాయి. నేనీ మాట అనగానే క్లాసులో పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. జపాన్‌లో మాకు కూడా ఇమాస్ అంటారా అని ఒకమ్మాయి అడిగింది. అంటారన్నాను. అయితే పోవాల్సిందే అని పుస్తకం మూసింది.

తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. వరిచేను? ప్రాణం ఉన్నా నడవదు గనక అరిమాస్. డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్న టాక్సీ? దానికి ఒక్కోసారి ఇమాస్ అనేస్తారు. దేవుడు? ఇమాస్. దయ్యం? ఇమాసే. దయ్యం దగ్గరికి వచ్చేసరికి క్లాసు కాసేపు గప్‌చుప్ అవుతుంది.

ఆ వేసవి బ్యాచ్‌లో మంజుల ఉండేది. నేరేడుచర్ల అమ్మాయి. నర్సింగ్ చదివి మిర్యాలగూడలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వార్డులో కొన్నేళ్ళు పనిచేసింది. భర్త సైదులు నేరేడుచర్ల, మిర్యాలగూడ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. తండ్రి వెంకటయ్యకు రైస్ మిల్లుల దారిలో కిరాణా దుకాణం ఉంది. జపాన్ పని కోసం మంజుల ఉద్యోగం మానేసి వచ్చింది. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. అక్కడివాళ్ళు చిన్న వయసు వాళ్ళనే కోరుకుంటారు కాబట్టి ఆమెకు ఈ ఏడాది దాటితే దారి మూసుకున్నట్టే. అది చాలదన్నట్టు, దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ వెంకటయ్య గారు మా బిడ్డ జపాన్ పోతుందని చెప్పేశారు. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు కూడా, ఎప్పుడమ్మా ప్రయాణం అని ఆమెను ఆపి అడిగేవాళ్ళట.

చదువులో మంజుల చురుకు. అక్షరాలు ముత్యాల్లా రాసేది. జపాన్ పోవడానికి రాయాల్సిన భాష పరీక్ష, కైగో పరీక్ష రెండూ మొదటిసారే పాసైంది. మిగిలింది ఇంటర్వ్యూ. జపాన్ నుంచి వృద్ధాశ్రమం వాళ్ళు కంప్యూటర్ తెర మీద మాట్లాడతారు. మా కేంద్రం మూడు అవకాశాలే ఇస్తుంది. మూడో ఇంటర్వ్యూ కూడా పోతే పేరు తీసేస్తారు.

మొదటి ఇంటర్వ్యూ రోజు నేను కెమెరాకు కనబడకుండా గది మూలలో కూర్చున్నాను. ముసలివాళ్ళను చూసుకున్న అనుభవం ఉందా అని అడిగారు. మంజుల నవ్వుతూ, హాయ్, అరిమాస్ అంది. అవును, ఉంది అని. ఎక్కడ, ఎన్నేళ్ళు అంటే జవాబు లేదు. ఆమె చేసింది వార్డు పని, కైగో కాదు. ఏమైనా జబ్బులున్నాయా అని అడిగారు. దానికీ హాయ్, అరిమాస్. నేను తల పట్టుకున్నాను. గుండ్రాయిలాంటి పిల్ల, తుమ్మగా కూడా నేను చూడలేదు. చివరికి, మీకేమైనా ప్రశ్నలున్నాయా అన్నారు. ఉన్నాయంది. వాళ్ళు పెన్నులు పట్టుకుని ఎదురుచూశారు. ఈమె నవ్వుతూనే ఉంది.

రెండోసారి వేరే ఆశ్రమం. జపాన్‌లో తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అన్నారు. ఇమాస్ అంది. ఏ ఊళ్ళో అంటే గుడ్లు తేలేసింది. వాళ్ళ నుంచి వచ్చిన కబురు మర్యాదగానే ఉంది. అమ్మాయి మంచిది, కానీ ఏది అడిగినా ఉందనే అంటోంది, అటువంటి మనిషికి ముసలివాళ్ళను అప్పజెప్పలేం అన్నారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. మందు వేశావా, అన్నం తిన్నారా అని అడిగితే నిజం చెప్పాలి కదా.

ఆ రోజు మంజులను కూర్చోబెట్టి గట్టిగా చీవాట్లు పెట్టాను. నా నోరు కొంచెం పెద్దదే. లేదు అన్న రెండక్షరాల ముక్క నీ నోట్లో ముల్లులా గుచ్చుకుంటుందా అన్నాను. ఆమె తల వంచుకుని, “అడిగినోళ్ళ మొఖం మీద లేదని ఎట్లంటం మేడమ్” అంది. నేనింకా ఏదో అనబోతే కళ్ళు తుడుచుకుంది. దాంతో నా జోరు తగ్గిపోయింది.

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సు నేరేడుచర్ల మీదుగానే పోతుంది. ఆ ఆదివారం పుట్టింటి నుంచి కోదాడ క్లాసుకు పోతూ మధ్యలో దిగి వెంకటయ్య గారి దుకాణానికి వెళ్ళాను. బిడ్డ పరిస్థితి తండ్రికి చెప్పాలనుకున్నాను. ఆయన నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, బిడ్డ ఎట్లా చదువుతుందని అడిగారు. చెప్పడానికి నోరు తెరిచేలోపు మిల్లు నుంచి ఒక హమాలీ వచ్చి దబ్బనం కావాలన్నాడు. గోనెసంచులు కుట్టే పెద్ద సూది.

“ఉన్నది, కూసో” అన్నారు వెంకటయ్య గారు. ఆ మనిషి బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన మంచినీళ్ళు అందించి, ఈసారి మిల్లుకు వడ్లు బాగా వస్తున్నాయా అని మాట కలిపారు. ఈలోగా లోపల ఉన్న మంజుల ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు నుంచి బయటికి పోయింది. రెండు దుకాణాలవతల ఇనుప సామాన్ల కొట్టుంది. నీళ్ళ గ్లాసు ఖాళీ అయ్యేలోగా దబ్బనం గల్లాపెట్టె మీదికి వచ్చింది. ఆ హమాలీకి అది ఈ దుకాణంలోది కాదని తెలుసో తెలియదో గానీ, సంతోషంగా తీసుకుపోయాడు.

నేను చాయ్ చల్లారబెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. నేను బల్ల మీద పెన్ను, బల్ల కింద పిల్లి అంటూ చెప్పే పాఠంలో ‘ఉంది’ అంటే ఒక వార్త. ఇక్కడ ‘ఉంది’ అంటే మాట ఇవ్వడం. ముందు ఉందంటారు, ఆ తర్వాత ఆ మాట నిలబెట్టడానికి పరుగెత్తుతారు. జపాన్ వాళ్ళు అనుభవం ఉందా అని అడిగినప్పుడు మంజుల అబద్ధం ఆడలేదు. పక్క దుకాణం నుంచి తెచ్చిద్దామనుకుంది. వెనక తలుపు లేక ఇరుక్కుపోయింది.

వెంకటయ్య గారికి సంగతి వివరించాను. “లేదన్నమనుకోండ్రి మేడమ్, వచ్చినాయన మళ్ళ మన గడప ఎక్కుతడా? మా నాయన కాలం సంది గీ దుకాణంల ఆ మాట వాడలె” అన్నారు. లోపలి నుంచి మంజుల తల్లి కూడా వచ్చి కూర్చుంది. ఇంట్లోనూ అంతేనట. బియ్యం లేవనరు, నిండుకున్నాయంటారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదా, లేదు అన్న మాట వాళ్ళ చెవిన పడితే తథాస్తు అంటారు, ఇక లేకుండానే పోతుంది. ఇది నాకు తెలియనిది కాదు, మా అమ్మా అనేది. కానీ మా ఇంట్లో అది బియ్యం డబ్బా వరకే. వీళ్ళ ఇంట్లో ఒక మనిషి నోటినే అలా తీర్చిదిద్దింది.

మర్నాడు సూర్యాపేటలో మంజులను మళ్ళీ పిలిచాను. ఈసారి తిట్టలేదు. నువ్వు నర్సువి కదా, ఆస్పత్రిలో లేదు అనకుండా ఎలా నెట్టుకొచ్చావని అడిగాను.

“ఆక్సిజన్ అయిపోతే ఏమంటావ్?”

“సార్, సిలిండర్ మార్చాలె అంటం.”

“జ్వరం లేకపోతే?”

“జ్వరం దిగింది సార్ అంటం.”

“నాడి దొరక్కపోతే?”

“సార్, మీరొక్కసారి రావాలె అంటం” అంది.

ఆస్పత్రి వరండాలో ఎప్పుడైనా నిలబడ్డవాళ్ళకు ఆ మాట తెలుసు. వార్డులకు వార్డులు, పుట్టుకా చావూ అన్నీ, లేదు అన్న మాట లేకుండానే నడిచిపోతున్నాయి. నేను ఇన్నాళ్ళూ ఒక అమ్మాయి మొండితనం అనుకున్నది, ఇక్కడి మనుషులంతా పొరుగువాడికి నొప్పి తగలకుండా మాట మీద కప్పిన గుడ్డ అని అప్పుడర్థమైంది. కానీ దాంతో జపాన్‌లో పని నడవదు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. పొద్దుటి వాళ్ళు దిగి మధ్యాహ్నం వాళ్ళు ఎక్కేటప్పుడు, ఎవరెవరు ఎలా ఉన్నారో నోటితో అప్పజెప్పిపోతారు. దాన్ని మోషిఒకురి అంటారు. అందులో అంతా తేటగా చెప్పాలి. ఆ అప్పగింతలో ఎక్కువగా వినిపించే మాట ఏమిటో మంజులకు చెబుతుంటే నాకే ఒక ఉపాయం తట్టింది. ఆ మాట ‘ఇజో వ అరిమాసెన్’. తేడా ఏమీ లేదు అని. ఆ పనిలో అంతకంటే మంచి కబురు ఉండదు. నెత్సు వ అరిమాసెన్, జ్వరం లేదు. ఇతామి వ అరిమాసెన్, నొప్పి లేదు.

“జ్వరం లేదన్నావనుకో, తథాస్తు దేవతలు విన్నారనుకో. ఏమైతది?” అన్నాను.

మంజుల నా వైపు చూసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత ముఖం మెల్లగా విప్పారింది. “విననీయండ్రి మేడమ్” అంది.

ఆ రోజు క్లాసంతా అదే పని. మంజులను ముందు నిలబెట్టాను. లేకపోతే బాగుండు అనిపించేవన్నీ వరసగా లేవని చెప్పమన్నాను. నెత్సు వ అరిమాసెన్ అంది, వినీ వినబడకుండా. ఇతామి వ అరిమాసెన్. ఈసారి కొంచెం గట్టిగా. గాయం అరిమాసెన్, వాపు అరిమాసెన్. పరేషానీ అరిమాసెన్ అని జపాను మాట తెలియక మన మాటే అతికించింది. వెనక బెంచీలో మార్తా అనే పిల్ల ప్రతి మాటకూ ఆమెన్ అనడం మొదలుపెట్టింది. ముందు నవ్వులాటకే అంది. కానీ ఆమెన్ అన్నా తథాస్తు అన్నా అట్లే అగుగాక అనే కదా. కాసేపటికి క్లాసంతా ఆమెన్ అంటోంది. ఎవరూ నవ్వడం లేదు. సూర్యాపేట ఎండలో, తిరిగీ తిరగని ఫ్యాను కింద, లోకంలో జ్వరం లేదు, నొప్పి లేదు అని ఒక అమ్మాయి పరాయి భాషలో చెబుతుంటే అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. బడి పాఠం అలా కూడా మారగలదని నాకప్పటివరకు తెలియదు.

అదే అభ్యాసం మర్నాడు కోదాడలో చేయించబోతే అక్కడి అమ్మాయి ఒకతె, “లేదనడానికి మాకేం ఇబ్బంది లేదండీ” అంది. వాళ్ళకు అవసరం లేదని ఊరుకున్నాను.

మూడో ఇంటర్వ్యూ వచ్చింది. జపాన్‌లో ఏదో కొండల ఊళ్ళోని చిన్న వృద్ధాశ్రమం. దాన్ని నడిపే పెద్దావిడ పేరు మోరి. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు, తెల్లటి పొట్టి జుట్టు. ఆవిడ పక్కన టై కట్టుకున్న ఒక యువకుడు. నేను మళ్ళీ మూలలో కూర్చున్నాను. మంజుల ఆ పొద్దున నేరేడుచర్ల నుంచి భర్త ఆటోలోనే వచ్చింది. సైదులు కిందే ఉండిపోయాడు. పైకి రమ్మంటే, “నాకు భయమైతది మేడమ్, గీడనే ఉంట” అన్నాడు.

ముసలివాళ్ళను చూసుకున్న అనుభవం ఉందా అని మోరి గారు అడిగారు. మంజుల ఊపిరి పీల్చుకుంది. ఇక అయిపోయింది, అరిమాస్ అనేస్తుంది అనుకున్నాను.

“కైగో నొ కేకెన్ వ, అరిమాసెన్” అంది. కైగోలో అనుభవం లేదు. వెంటనే, నర్సు పనిలో ఉందని కూడా చెప్పింది. మోరి గారు తల ఊపారు. ఆ ఒక్క మాట అనడానికి ఆ పిల్ల ఎంత బరువు ఎత్తిందో వాళ్ళకేం తెలుసు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జబ్బులున్నాయా అన్నదానికి మాత్రం అరిమాసెన్ అని ఠకీమని చెప్పింది.

అప్పుడు మోరి గారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టారు. భుజాలు వంచి, చూపు చెదరగొట్టి, ఒక్కసారిగా ముసలమ్మ అయిపోయారు. కైగో ఇంటర్వ్యూల్లో ఇలా వేషం కట్టడం మామూలే. మతిమరపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళకు వస్తువులు పోయాయని, ఎవరో ఎత్తుకుపోయారని గట్టి అనుమానం పట్టుకుంటుంది. ఆ సమయంలో ఏం చేస్తారో చూడాలని పరీక్ష.

నా పర్సు లేదు అన్నారు మోరి గారు. సైఫు గ నై. అరిమాసెన్ అన్నదాన్నే ఇంట్లో పొట్టిగా నై అంటారు. ఇక్కడ దొంగ ఉంది. నువ్వే తీశావు.

ఆవిడ వేలు తెర మీంచి మంజుల వైపే చూపిస్తోంది. చాలామంది పిల్లలు ఇక్కడే తడబడతారు. నేను తీయలేదు అని వాదిస్తారు. కిరాణా దుకాణం బిడ్డకు దొంగ అన్న మాట కంటే పెద్ద తిట్టు ఉంటుందా? మంజుల ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. కానీ తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కలిసి వెతుకుదాం అంది. నేను నేర్పిన జవాబు అదే. మామూలుగా ఆ మాట రాగానే పరీక్ష ఆపేస్తారు.

మోరి గారు ఆపలేదు. లేదు, లేదు అంటూనే ఉన్నారు.

మంజుల దగ్గర ఉన్న భాష ఎంతని. ఆ తొలి పాఠంలో మీద, కింద, లోపల, పక్కన, వెనక అని నేర్పుతాం. అంతే. ఆమె దాన్నే పట్టుకుంది. బల్ల మీద ఉందా అని అడిగింది. నై అంది ముసలమ్మ. సొరుగులో ఉందా. నై. పరదా వెనక ఉందా. నై. మంచం కింద ఉందా అంటూ మంజుల కుర్చీలోంచి లేచి నిజంగానే మా బల్ల కింద దూరింది. తెర మీద ఖాళీ కుర్చీ మిగిలింది. మోరి గారు మెడ చాచి ఆ కుర్చీ వైపు చూశారు. మంజుల మోకాళ్ళకు దుమ్ముతో లేచి, దిండు కింద ఉందా అంది. నై. ఒక్కో చోటు దగ్గరా ఆమె ఆగి, చేత్తో తడిమి, ఆ తర్వాతే ఇంకో చోటు అడిగింది. ఎక్కడా తొందర లేదు. పిల్లలు ఆవులిస్తూ నేర్చుకునే ఆ పాఠం, పెన్ను, పిల్లి, బల్ల, నా కళ్ళ ముందు రెండు దేశాల మధ్య ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పుతోంది. నేను ఇరవై ఏళ్ళ కింద నేర్చుకున్న వాక్యాలు అవి. వాటితో ఇంత పని జరుగుతుందని నాకు ఎవరూ చెప్పలేదు.

చివరికి చోట్లు అయిపోయాయి. ఆమెకు తెలిసిన మాటలూ అయిపోయాయి. టై కట్టుకున్న అబ్బాయి గడియారం చూసుకున్నాడు. ముసలమ్మ ఇంకా, సైఫు గ నై అని గొణుగుతోంది. ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు, భయం ఉంది.

మంజుల కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకుని కూర్చుంది. చాలా మెల్లగా మాట్లాడింది.

“ఒబాసాన్. సైఫు వ, అరిమాసెన్.” అవ్వా, పర్సు లేదు.

నా ప్రాణం ఉసూరుమంది. మతి తప్పిన మనిషికి లేదని చెప్పకూడదు. అది నేనే నేర్పాను. ఇన్నాళ్ళూ ఎక్కడా లేదు అనని పిల్ల, అనకూడని చోట అనేసింది. అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను.

“వతాషి గ ఇమాస్” అంది మంజుల.

నేనున్నా.

కింద రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. మోరి గారు వేషంలోనే ఉన్నారో బయటికి వచ్చారో నాకు తెలియలేదు. చూపిస్తున్న వేలు కిందికి దించారు. భుజాలు సడలాయి. “సో. ఇరు నొ నె” అన్నారు. అలాగా, ఉన్నావన్నమాట. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టుకున్నారు గానీ, పెట్టుకునే ముందు కాసేపు తుడుచుకున్నారు. అడగాల్సినవి ఇంకా ఉన్నాయని ఆ అబ్బాయి ఏదో అనబోతే, చాలు అన్నట్టు చెయ్యి ఊపి, మంజులకు తల వంచి నమస్కారం చేశారు.

నేర్పింది నేనే, నేర్చుకున్నది ఆమె. కానీ ఆ వాక్యం నా పుస్తకంలో లేదు. అందులోని ప్రతి మాటా నా పుస్తకంలో ఉంది.

ఎంపికయిందన్న కబురు ఆ సాయంత్రమే వచ్చింది. సైదులు ఆటో దగ్గరే నిలబడి విన్నాడు, తువ్వాలతో ముఖం కప్పుకుని కాసేపు తీయలేదు. వెంకటయ్య గారు ఫోనులో బిడ్డతో పెద్దగా ఏమీ మాట్లాడలేదట. దుకాణంలో మనుషులున్నారు, మళ్ళీ మాట్లాడతా అన్నారట. ఆ మనుషులకే ముందు చెప్పాలన్న ఆత్రం.

మంజులా సైదులూ ఊరికి బయలుదేరే ముందు బస్టాండు పక్కన చెరుకు రసం బండి దగ్గర నిలబడ్డాం. నన్ను తొలుస్తున్న మాట అడిగేశాను. అంతసేపూ నెట్టుకొచ్చావు కదా, ఇంకో చోట ఉందేమో చూద్దాం అనొచ్చు కదా, ఆ ముసలమ్మతో లేదని ఎందుకన్నావ్ అని.

మంజుల రసం గ్లాసు పట్టుకుని ఆలోచించింది. ఏదో పెద్ద సంగతి చెబుతున్నట్టు కాకుండా, వార్డులో సంగతి చెప్పినట్టు చెప్పింది.

“ఎంత దేవులాడినా దొరకనిది ఉన్నదని ఎన్నిసార్లంటం మేడమ్. ఆమెకు గూడ తెలుస్తనే ఉన్నది. కని లేదని చెప్పి ఊకుంటే, ఆమె ఒక్కతే అయిపోతది గద. లేదంటె తప్పు గాదు. లేదని చెప్పి పోతెనే తప్పు.”

మిర్యాలగూడ బస్సు పక్కనుంచి పోయింది. సైదులు ఆటో తీశాడు. ఆమె వెనక సీట్లో కూర్చుని నాకు జపాన్ పద్ధతిలో తల వంచింది, నేను చెయ్యి ఊపాను.

ప్రాణం ఉన్నదానికి ఇమాస్, లేనిదానికి అరిమాస్ అని ఇన్నేళ్ళుగా బోర్డు మీద గీత గీసి చెబుతూ వచ్చాను. ఇప్పటికీ అలాగే చెబుతాను, పరీక్షకు అంతే కావాలి. కానీ వస్తువుకో క్రియ, మనిషికో క్రియ ఆ జాతి ఎందుకు విడిగా పెట్టుకుందో నాకు ఆ చెరుకు రసం బండి దగ్గర తెలిసింది. వస్తువు లేనిచోట మనిషి ఉండవచ్చు.